కొండ ఊట నుంచి సముద్రపు బీల దాకా: మన గెడ్డల చరిత్ర

మన రెండు పెద్ద నదులు, నాగావళి, వంశధార, ఒకే కొండల బిడ్డలు. ఒడిశాలోని కలహండి జిల్లా తువాముల్ రాంపూర్ కొండల దగ్గర పుట్టి, ఒక్కొక్కటి 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఒకటి కల్లేపల్లి దగ్గర, రెండోది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. బడి పుస్తకాల్లో ఈ రెండు వాక్యాలూ ఉంటాయి. నదిలోకి నీరు ఏ దారిన వస్తుందో మాత్రం చాలావరకు మన పెద్దల నోటనే ఉండిపోయింది.

కొండ మీద ఊట. ఊట నుంచి గెడ్డ. గెడ్డ పక్కన మడులు. మడుల కింద బంద. బంద నిండితే చెరువు. చెరువు పొర్లితే మళ్లీ గెడ్డ, ఆపైన ఏరు, ఆపైన నది, చివర సముద్రం ఒడ్డున బీల. వీటిలో ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తే చిన్నవే. కలిపి చూస్తేనే నది. ఇప్పుడు చిత్తడి నేలల సంరక్షణ గురించి మాట్లాడే శాస్త్రవేత్తలు కూడా ఈ మాటే అంటున్నారు: ఒక్క చెరువును కాపాడితే చాలదు, చెరువుల మధ్య ఉన్న దారులను కాపాడాలి, దానికి ముందుగా ఆ దారుల పటం గీయాలి. ఆ పటం ఎవరు గీస్తారన్నదే మన తరం ముందున్న ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే మన నీటి చరిత్రను ఒకసారి తిరిగి చూడాలి.

పెద్దలు నీటిని ఎలా చూశారు

సవరల రాతి గట్ల మడులు కొత్త సంగతి కాదు. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో కూడా వాటి ప్రస్తావన ఉంది. కొండ వాలులో గెడ్డ దిగే చోట రాయి మీద రాయి పేర్చి మెట్లు మెట్లుగా మడులు కట్టారు. పై మడి నిండిన తరువాతే నీరు కింది మడిలోకి దిగుతుంది. ఆఖరి మడి దాటిన నీరు తిరిగి గెడ్డలోనే పడుతుంది. అంటే వాడుకున్న నీరు దారి తప్పదు. పై మడి రైతు గండి మూస్తే కింది మడి ఎండుతుంది. కింది మడి రైతు గట్టు తెంపితే పై మడి మన్ను కొట్టుకుపోతుంది. అందుకే మడుల పంచాయితీ ఎప్పుడూ ఒక ఇంటి పంచాయితీ కాలేదు, ఊరి పంచాయితీ అయింది.

చేపలు కూడా ఈ దారినే నడిచాయి. మృగశిర కార్తెలో తొలి వానలకు గెడ్డ పారగానే కొర్రమీను, మట్టగిడస వంటివి నీటికి ఎదురెక్కి చెరువు నుంచి మడుల్లోకి వస్తాయి, అక్కడ గుడ్లు పెడతాయి. వానాకాలం చివర పిల్లలు నీటితోపాటు కిందికి దిగుతాయి. మావులు ఏ కార్తెలో ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషికి ఏ మడి ఏ చెరువుతో కలిసి ఉందో తెలుసు.

మన ఊళ్ల పేర్లలో, ఏళ్ల పేర్లలో కూడా ఈ జ్ఞానం ఉంది. వట్టిగెడ్డ, పెద్దగెడ్డ అన్నవి ఊరికే పెట్టిన పేర్లు కావు. ఏది ఎండుతుందో, ఏది పెద్దగా పారుతుందో చెప్పే గుర్తులవి. నీళ్లు కలిసే చోటును కూడా జనం గుర్తుపెట్టుకున్నారు. జంఝావతి నాగావళిలో కలిసే గుంప దగ్గర, సువర్ణముఖి, వేగావతి నాగావళితో కలిసే సంగాం దగ్గర గుడులు వెలిశాయి. నదుల కలయిక ఒక స్థలమని, దాన్ని మరిచిపోకూడదని ఆ కాలం వాళ్లకు తెలుసు.

మన నీటిని కోసిన గీతలు

ఆ తరువాతి చరిత్ర గీతల చరిత్ర. వంశధార ఒడ్డున ముఖలింగం ప్రాంతాన్ని ఏలిన గంగ రాజుల తామ్రశాసనాల్లో చెరువులు పొలిమేర గుర్తులుగా కనిపిస్తాయి. అప్పటికే చెరువు అంటే ఆస్తికి హద్దు. జమీందారీల కాలంలో బొబ్బిలి, సాలూరు, కురుపాం, మేరంగి, పాచిపెంట, పర్లాకిమిడి అంటూ భూమి ఎస్టేటులుగా చీలింది. కొండ ఒకరి చేతిలో, కింద చెరువు ఇంకొకరి చేతిలో పడ్డ చోట్ల గెడ్డకు ఇద్దరు యజమానులయ్యారు.

1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాన్ని మామూలు చట్టాల నుంచి వేరుచేసి ఏజెంట్ల పాలన కింద పెట్టింది. మనం ఇప్పటికీ వాడే ‘ఏజెన్సీ’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ గీత కొండకూ మైదానానికీ మధ్య పడింది. నీరు మాత్రం ఆ గీతను దాటి పారుతూనే ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది, ఎస్టేటులో కొంత భాగం ఇటు మిగిలింది. నదుల తలలు ఒక రాష్ట్రంలో, పాదాలు మరో రాష్ట్రంలో అయ్యాయి. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా విడిపోయింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడి పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి ప్రాంతాలు అందులోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. జిల్లాలు దగ్గరవడం మంచిదే, ఆఫీసు దగ్గరైంది. కానీ ఇప్పుడు నాగావళి ఒక్క నదే రెండు రాష్ట్రాల్లో, మన వైపు మూడు జిల్లాల సంగతి అయింది. ఊట ఉన్న జిల్లాలో అర్జీ పెడితే, బీల ఉన్న జిల్లాకు ఆ కాగితం చేరదు.

ఇంకో సంగతి కూడా యువత గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం గిరిజన పోరాటం నడిచిన ఆ రోజుల్లోనే 1970లో భూమి బదలాయింపు నిబంధన, మనం 1/70 అని పిలిచేది, వచ్చింది. కొండ మీద భూమిని పరాయి చేతికి పోనివ్వకూడదని అది గట్టిగా చెప్పింది. ఆ భూమిని తడిపే గెడ్డ దారి గురించి అంత గట్టి మాట చెప్పే చట్టం మన చేతికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆనకట్టల కాలం

నదిని కలిపి చూడటం ప్రభుత్వాలకు తెలియదని కాదు. 1908లోనే నాగావళి మీద తోటపల్లి దగ్గర రెగ్యులేటరు కట్టారు. అదే నదిపై ఆ తరువాత నారాయణపురం ఆనకట్ట వచ్చింది. వంశధార మీద గొట్టా బ్యారేజీ, సువర్ణముఖి మీద మడ్డువలస, జంఝావతి మీద 2006లో రబ్బరు డ్యామ్, 2015లో కొత్త తోటపల్లి బ్యారేజీ, హిరమండలం జలాశయం వచ్చాయి. హిరమండలం నుంచి నారాయణపురం వైపు కాలువ తవ్వి వంశధారను నాగావళితో కలిపే పని కూడా ప్రభుత్వమే చేపట్టింది. వంశధార నీటి కోసం రెండు రాష్ట్రాల తగవు తీర్చడానికి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి 2017లో తీర్పునిచ్చింది. ఆ తగవులో నీరు టీఎంసీల్లో లెక్కకు వచ్చింది.

ఈ ప్రాజెక్టుల వల్ల మేలు జరగలేదని మనం అనడం లేదు. ఉద్దానం పల్లెలు కిడ్నీ జబ్బుతో ఎంత నలిగిపోయాయో అందరికీ తెలుసు. ఇప్పుడు హిరమండలం జలాశయం నుంచే గొట్టాల ద్వారా ఆ పల్లెలకు తాగునీరు వెళుతోంది. విజయనగరం జిల్లాలో గోస్తని మీద కట్టిన తాటిపూడి నీరు విశాఖపట్నం తాగుతోంది. అంటే కొండ కింద గెడ్డలో పారే నీరు ఎక్కడో తీరాన ఒక ఇంటి బిందెలోకి చేరుతోంది. కొండకూ తీరానికీ మధ్య బంధం మాటవరసకు చెప్పేది కాదు. అయితే జలాశయం నుంచి కిందికి వెళ్లే గొట్టానికి పటం ఉంది. జలాశయంలోకి పైనుంచి వచ్చే వందల గెడ్డలకు అలాంటి పటం కావాలి. పై గెడ్డలు మట్టితో పూడినా, కొండ వాలు బోడిగా మారినా, జలాశయంలో చేరేది నీటికి బదులు మన్నే.

బీల నేర్పిన పాఠం

పటంలో లేకపోతే ఏమవుతుందో సముద్రం ఒడ్డు మనకు చెప్పింది. సోంపేట దగ్గరి ‘బీల’ను, కాకరాపల్లి దగ్గరి ‘తంపర’ను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా ఎరుగుదురు. వానాకాలంలో నీరు నిలిచే పల్లపు నేల అది. అక్కడ చేప పడుతుంది, పశువు మేస్తుంది, అంచున వరి పండుతుంది. ఆ పేర్లలోనే ఆ నేల గుణం ఉంది. అయినా థర్మల్ విద్యుత్ కేంద్రాలకు స్థలం వెతికిన వారి కాగితాల్లో అది ఖాళీ భూమిగా కనిపించింది.

2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి రైతులు, మత్స్యకారులు పోరాడుతున్న నేల మీద ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న వాదన అక్కడ నిలిచింది. మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు.

బీల జనం మన గూడేల జనం కాకపోవచ్చు. కానీ వారి పాఠం మనది కూడా. ఆ నేలను ముందే చిత్తడి నేలగా రాసి, దానికి నీరు తెచ్చే దారులను గీసి ఉంటే ఆ వాదన కాల్పుల దాకా పోయేది కాదు. ఊరి నోట ఉన్న పేరు పటం మీదికి ఎక్కకపోతే దాని ఖరీదు ఎంతో బీల చూపించింది.

చుక్కలుగా మిగిలిన మన బందలు

ఇస్రోకు చెందిన అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో దేశంలోని చిత్తడి నేలలన్నిటినీ గుర్తించి 2011లో జాతీయ అట్లాసు తెచ్చింది. అది గొప్ప పని. వానలకు ముందు, వానల తరువాత, రెండు కాలాల చిత్రాలు చూసి మొత్తం 2,01,503 చిత్తడి నేలలకు హద్దులు గీశారు. 2.25 హెక్టార్ల కంటే చిన్నవి మరో 5,55,557 కనిపించాయి. వాటికి హద్దులు గీయలేదు, ఒక్కో చుక్క పెట్టారు.

2.25 హెక్టార్లంటే సుమారు ఐదున్నర ఎకరాలు. మన గూడేల బందలను ఒకసారి తలుచుకోండి. వాటిలో ఐదున్నర ఎకరాలు దాటేవి ఎన్ని? కొండ ఊటలు అసలు చుక్కగానైనా కనిపిస్తాయా? 2017లో సుప్రీంకోర్టు ఆ 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని ఆదేశించింది. హద్దు గీసిన వాటికి ఆ నీడ దొరికింది. చుక్కలకు దొరకలేదు.

అదే 2017లో కేంద్ర ప్రభుత్వం చిత్తడి నేలల సంరక్షణ నియమాలు కొత్తగా తెచ్చింది. చిత్తడి నేల అంటే ఏమిటో చెబుతూ, ఏవి కావో కూడా అందులో రాశారు. నదీ ప్రవాహ మార్గాలు కావు. వరి పొలాలు కావు. తాగునీటికి, సాగునీటికి, చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి ప్రత్యేకంగా కట్టిన చెరువులు, కట్టడాలు కావు. అడవి చట్టాల కింద ఉన్న ప్రాంతాలకు, తీరప్రాంత నియంత్రణ కింద ఉన్న వాటికి ఈ నియమాలు వర్తించవు, వాటికి వేరే చట్టాలున్నాయి.

ఇప్పుడు మొదట చెప్పుకున్న వరుసను మళ్లీ చదవండి. ఊట అడవిలో ఉంది, అది అడవి శాఖది. గెడ్డ ప్రవాహ మార్గం, అది చిత్తడి నేల కాదు. మడి వరి పొలం, అదీ కాదు. సాగుకు కట్టిన చెరువు, అదీ కాదు. చివరికి బీల ఒక్కటి మిగులుతుంది, అందులోనూ తీరం అంచు వేరే నియమాల కిందికి పోతుంది. 1971లో ఇరాన్‌లోని రాంసర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఇంత ఇరుకుగా చూడలేదు. ఆ పద్ధతిలో ఏరూ, వరి మడీ, చెరువూ అన్నీ చిత్తడి నేలలే. మన పెద్దల చూపు రాంసర్ చూపుకు దగ్గరగా ఉంది.

దారి తెగితే ఏమవుతుంది

ఇది మన ఒక్క ప్రాంతపు కథ కాదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసర్ జాబితాకెక్కింది. అభయారణ్యానికి హద్దు సముద్రమట్టానికి ఐదో కాంటూరు. కానీ కొల్లేటికి నీరు తెచ్చే బుడమేరు, తమ్మిలేరు ఆ హద్దుకు ఎగువన ఊళ్ల మధ్య నుంచి వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ మునిగినప్పుడు, సరస్సుకు గీత గీసి ఏరును వదిలేస్తే ఏమవుతుందో రాష్ట్రమంతా చూసింది.

మన దగ్గర పక్షులు కూడా ఇదే చెబుతున్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి, మేతకు నౌపడ తంపరలకు, ఉప్పుటేళ్లకు పోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు చింతచెట్ల మీద పిల్లల్ని పెంచుతాయి, నత్తల కోసం చుట్టుపక్కల వరి పొలాలు, చెరువులు వెతుకుతాయి. చెట్టు ఒక్కటీ మిగిలి మడి పోతే ఆ ఊరికి కొంగ రాదు. ఒడిశా అడవుల నుంచి దిగివచ్చే ఏనుగుల మందలు కూడా నీటి వెంటే నడుస్తున్నాయి. ఆ దారి ముందే తెలిస్తే ఊళ్లను హెచ్చరించవచ్చు.

ఇక మన కొండల మీదికే కొత్త ప్రతిపాదనలు వస్తున్నాయి. సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస దగ్గర పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టుల మాట మీరు విన్నారు. కొండ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్ తీస్తారు. అవి కావాలా వద్దా అన్నది గ్రామసభల్లో తేలాల్సిన సంగతి. కానీ ఆ సభలో కూర్చున్నప్పుడు, ఏ గెడ్డ ఏ ఊరి మడులకు, ఏ బందలకు నీరిస్తుందో మన చేతిలో కాగితం ఉండాలి. వాళ్ల చేతిలో పటం ఉండి మన చేతిలో మాట ఒక్కటే ఉంటే ఆ చర్చ సమానంగా సాగదు.

మన పటం ఎలా ఉండాలి

చెరువులను పరిమాణం బట్టి వరుసపెడితే పెద్ద చెరువే ముందుంటుంది. కలయిక బట్టి వరుసపెడితే లెక్క మారుతుంది. ఇది పూడితే కింద ఎన్నిటికి నీరు తప్పుతుంది? ఇది ఎండితే చేప ఎక్కడ ఆగిపోతుంది? ఈ రెండు ప్రశ్నలు అడిగితే, అరెకరం బంద ఒక్కోసారి అరవై ఎకరాల చెరువు కంటే ముందు కాపాడాల్సినదిగా తేలుతుంది. గొలుసుకట్టు చెరువుల తీరు ఇదే. గొలుసులో సన్నని కొక్కెం తెగినా గొలుసు తెగినట్టే.

పని ఊరి నుంచే మొదలుపెట్టవచ్చు. పెద్దలతో గెడ్డ వెంట తల నుంచి కాళ్ల దాకా నడవండి. ప్రతి ఊట, చెలమ, మడి, బంద, మదుము దగ్గర ఫోనులో స్థానం గుర్తించండి. దాని పేరు సవరలోనో, కువిలోనో, జాతాపు మాటలోనో, ఊరివాళ్లు ఎలా అంటారో అలాగే తెలుగు లిపిలో రాయండి. ఏ కార్తెలో పారుతుంది, ఏ కార్తెలో ఎండుతుంది, పదేళ్ల కిందట ఎలా ఉండేది అన్నవి అడిగి రాసుకోండి. ఒకసారి స్వాతి కార్తెలో, ఒకసారి రోహిణి ఎండల్లో నడిస్తే రెండు కాలాల పటం వస్తుంది. ఆ తరువాత ఇస్రో భువన్ చిత్రాల మీద, సర్వే ఆఫ్ ఇండియా పటాల మీద మీ గీతలు పెట్టి చూడండి. వాళ్లకు కనిపించనివి ఎన్నో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. పటంలో పెట్టిన ప్రతిదీ లోకానికి చూపించాల్సినది కాదు. దేవత ఉన్న ఊట, మందుమొక్కలున్న కోన ఎవరికి చూపాలో, ఎవరికి వద్దో గ్రామసభే చెప్పాలి. ఆ పటం ఊరిది, గీసిన మనిషిది కాదు.

ఈ పటానికి చట్టంలో చోటు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం చేపలు మొదలైన నీటి వనరుల ఫలాలపై సామూహిక హక్కును గుర్తించింది. పరీవాహక ప్రాంతాలు, నీటి వనరులు సురక్షితంగా ఉండేలా చూసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మన గూడేల్లో ఎన్నో షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయాయి, అక్కడ పెసా వర్తించదు. అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది. ఇంకో మాట: ఆ చట్టం నియమాల్లో ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమే. గెడ్డ వెంట నడుస్తూ మీరు రాసుకున్న మాట కేవలం జ్ఞాపకంగా మిగలదు, హక్కు పత్రానికి ఆధారమవుతుంది.

రాసిందే నిలుస్తుంది

సవర భాషకు ఏం జరిగిందో మనకు తెలుసు. లిపి లేని భాష భాషే కాదన్న రోజుల్లో వంశధార ఒడ్డున పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, 1931లో ఆ భాషపై మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. 1936లో మంగెయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని సవరల చేతికిచ్చారు. ఒకరు బయటి నుంచి వచ్చి రాశారు, ఇంకొకరు లోపలి నుంచి రాశారు. ఇద్దరి వల్లా ఇవాళ ఆ భాష లేదని ఎవరూ అనలేరు.

గెడ్డల సంగతీ అంతే. ఉపగ్రహం బయటి నుంచి చూసి చుక్కలు పెట్టింది. ఆ చుక్కలను కలిపే గీత లోపలి నుంచి రావాలి. దాన్ని తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే వానాకాలం మొదలయ్యేలోపు మీ ఊరి గెడ్డ ఒక్కటి ఎంచుకోండి. దాని తల ఎక్కడో, దాని చివర ఎక్కడో, మధ్యలో ఎవరెవరికి నీరిస్తుందో రాసి గ్రామసభ ముందు పెట్టండి. పక్క ఊరు వాళ్లు కింది భాగం రాస్తారు, ఆ పక్క ఊరు ఇంకా కింది భాగం రాస్తుంది. అలా రాసుకుంటూ పోతే నాగావళీ వంశధారా కొండ నుంచి సముద్రం దాకా ఒక్క కాగితం మీద కనిపిస్తాయి.